జపాన్ పెట్టీ కత్తి కొనేముందు: పొడవు నుంచి సానరాయి దాకా

జపాన్ కత్తి కొందామని ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్లకి గంటలో తల తిరిగిపోతుంది. వీజీ10 అంటాడొకడు, 67 పొరల డమాస్కస్ అంటాడు ఇంకొకడు, ఒకటి పదిహేను వందలు, పక్కనున్నది పదిహేను వేలు, ఫొటోలో చూస్తే రెండూ ఒకేలా మెరుస్తుంటాయి. నేను ఉద్యోగం మీద రెండేళ్లు టోక్యోలో ఉన్నప్పుడు శనివారాలు చాలావరకు కత్తుల షాపుల్లోనే గడిపాను, కొన్ని డబ్బులు అనవసరంగా పోగొట్టుకున్నాను కూడా. ఇప్పుడు మా వంటింట్లో నాలుగు జపాన్ కత్తులున్నాయి గానీ పొద్దున్న లేస్తే చెయ్యి వెళ్లేది ఒక్కదాని మీదికే, 150 మిల్లీమీటర్ల పెట్టీ కత్తి. దాన్ని ఎలా ఎంచుకోవాలో మొదటి నుంచి చెబుతాను. ఒక మాట మాత్రం ముందే చెప్పేస్తాను. మెరుపు చూసి, పొరల లెక్క చూసి కొనకండి. అంచు దగ్గర ఎంత సన్నగా ఉంది, మీ వంటింట్లో రోజూ ఏం తరుగుతారు, పదును తగ్గాక మళ్లీ మీరే పెట్టుకోగలరా, ఈ మూడూ చూసి కొనండి.

ముందు పేరు సంగతి

ఆన్‌లైన్‌లో "యుటిలిటీ నైఫ్" అని కొడితే సగం అట్టపెట్టెలు కోసే కట్టర్లే వస్తాయి. వాటిలోనూ జపాన్ వాళ్లదే పెద్ద పేరు, బ్లేడు మొద్దుబారితే ముక్క విరిచేసుకునే కట్టర్‌ని 1956లో కనిపెట్టింది ఒసాకావాళ్లే, ఓల్ఫా అన్న పేరుకి అర్థమే విరిగే బ్లేడు. మనకి కావాల్సింది అది కాదు. వంటింటి యుటిలిటీ కత్తిని జపాన్‌లో పెట్టీ నైఫు అంటారు, ఫ్రెంచిలో చిన్నది అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మీజీ కాలంలో, అంటే 1868 తర్వాత, జపాన్‌లోకి పాశ్చాత్య వంట వచ్చింది, మాంసం తినడం మళ్లీ మొదలైంది, అప్పుడు ఫ్రెంచి షెఫ్ కత్తిని చూసి చేసుకున్నది గ్యూతో, దానికి చిన్న తోడు ఈ పెట్టీ. 1876లో ప్రభుత్వం బయట కత్తులు ధరించి తిరగడాన్ని నిషేధించాక ఖడ్గాలు చేసే కమ్మరులు చాలామంది వంటింటి కత్తుల వైపు మళ్లారు. అందుకే ఈ చిన్న కత్తి ఆకారం యూరప్‌ది, దాని లోపలి ఉక్కు, సన్నదనం, పదును పెట్టే తీరు మాత్రం జపాన్‌వి. సెర్చ్‌లో "పెట్టీ" అని, పక్కన మిల్లీమీటర్లలో పొడవు కొట్టండి, సరుకు వేరేగా కనిపిస్తుంది.

మొదటి అడుగు: మీరు ఏం తరుగుతారో రాసుకోండి

ఇది కాగితం మీద రాయండి, నిజంగానే. వారం రోజులు మీ ఇంట్లో కత్తి చేసిన పనులన్నీ. మా ఇంటి జాబితా ఇలా వచ్చింది: ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, టమాటా, అల్లం, దొండకాయ, బెండకాయ, గుత్తివంకాయకి నాలుగు గాట్లు, అరటికాయ చెక్కు, నిమ్మకాయలు, బోన్‌లెస్ చికెన్ మీద కొవ్వు తీయడం, పండ్లు. ఇవన్నీ పెట్టీ చేసే పనులే, దానికంటే బాగా ఏ కత్తీ చేయదు. దొండకాయ వేపుడుకి కాయని నిలువుగా నాలుగు చీలికలు చేసేటప్పుడు, లేదా వంకాయ తొడిమ ఊడకుండా మొనతో గాటు పెట్టేటప్పుడు పెద్ద కత్తి చేతికి అడ్డమొస్తుంది.

కానీ జాబితాలో ఇంకొన్ని ఉంటాయి. కొబ్బరి చిప్ప, బెల్లం అచ్చు, గుమ్మడికాయ, కంద, ఎముకలున్న మాంసం, చేప తల, ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ముక్క, ఆవకాయకి టెంకతో సహా కొట్టే మామిడికాయ. వీటిలో ఒక్కటి కూడా ఈ కత్తితో చేయకూడదు. వీటి కోసం కత్తిపీటో, బరువైన పాత చాకో ఇంట్లో ఉండనివ్వండి. జపాన్ కత్తి గట్టి ఉక్కు, సన్నని అంచు. పక్కకి మెలిపెడితే వంగదు, పెచ్చు ఊడుతుంది.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. మొదటి పెట్టీ కత్తిని సెలవులకి వచ్చినప్పుడు రాజమండ్రిలో అమ్మకి ఇచ్చాను. అమ్మ దొండకాయలు తరిగి చూసి "ఒరేయ్, ఇదేంట్రా కాయ మీద పెడితే చాలు దిగిపోతోంది, వేలు తగిలితే ఏమైనా ఉందా" అంది, సంతోషపడింది. నాలుగో రోజు పాయసానికి బెల్లం కావాల్సి వచ్చి, అలవాటుగా మొన గుచ్చి అచ్చుని పెకలించింది. టక్‌మని చిన్న శబ్దం, మొనలో 3 మిల్లీమీటర్లు బెల్లంలోనే ఉండిపోయింది. తప్పు అమ్మది కాదు. కత్తి చేతికిచ్చినవాణ్ని, దేనికి వాడకూడదో చెప్పకపోవడం నా తప్పు. అందుకే ఇంట్లో వంట చేసే అందరికీ, పనిలో సాయానికి వచ్చేవాళ్లకి కూడా, ఈ రెండో జాబితా చెప్పిన తర్వాతే కత్తి బయట పెట్టండి.

రెండో అడుగు: పొడవు

పెట్టీలు మామూలుగా 120, 135, 150 మిల్లీమీటర్లలో దొరుకుతాయి, 180 కూడా ఉంటాయి. చేతిలో పట్టుకుని గాల్లోనే కోసే అలవాటు ఎక్కువున్నవాళ్లకి, అంటే బొటనవేలి వైపుకి లాక్కుంటూ బీన్స్, బెండకాయ తరిగేవాళ్లకి, చెక్కు తీసేవాళ్లకి 120 సుఖం. కత్తిపీట లేకుండా పెరిగిన మనలో చాలామంది ఇలాగే కోస్తారు. బోర్డు మీద పెట్టి తరిగే అలవాటుంటే 150 తీసుకోండి. ఒకే కత్తితో రెండూ చేయాలంటే కూడా నా ఓటు 150కే. 180 కొంటే అది దాదాపు పెద్ద కత్తే, కానీ పెద్ద కత్తికి ఉండే ఎత్తు దానికి ఉండదు.

ఎత్తు సంగతి చాలామంది చూడరు. పెట్టీ మడమ దగ్గర, అంటే పిడి మొదలయ్యే చోట, అంచు నుంచి వెన్ను దాకా సుమారు 27 నుంచి 32 మిల్లీమీటర్లే ఉంటుంది. బోర్డు మధ్యలో పెట్టి తరిగితే మీ వేళ్ల కణుపులు బోర్డుకి కొట్టుకుంటాయి. దీనికి మందు తేలిక, బోర్డుని గట్టు అంచుకి దగ్గరగా జరుపుకుని, పిడి పట్టుకున్న చెయ్యి బోర్డు బయట గాల్లో ఉండేలా నిలబడండి. ఇది కుదరదు, రోజూ కిలో ఉల్లిపాయలు తరగాలి, క్యాబేజీ తరగాలి అంటే మీకు కావాల్సింది పెట్టీ కాదు, 165 నుంచి 180 మిల్లీమీటర్ల సాంతోకు, అంటే బ్లేడు ఎత్తు ఎక్కువుండే జపాన్ ఇంటి కత్తి. అది ముందు కొని పెట్టీ తర్వాత కొనండి.

మూడో అడుగు: ఉక్కు

ఇక్కడే అందరూ ఆగిపోతారు, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. ఉక్కు ఎంత గట్టిదో రాక్‌వెల్ అనే కొలతలో చెబుతారు, అంకె పక్కన హెచ్‌ఆర్‌సీ అని ఉంటుంది. జర్మనీ కత్తులు సుమారు 56 నుంచి 58 మధ్య ఉంటాయి. జపాన్ కత్తులు ఎక్కువగా 60 పైన. ఆ నాలుగైదు అంకెల తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ వంటింట్లో బాగా తెలుస్తుంది. ఉక్కు గట్టిదైతే అంచుని ఒక్కో వైపు 15 డిగ్రీల దాకా సన్నగా చెక్కినా మడత పడకుండా నిలబడుతుంది, మెత్తటి ఉక్కుతో అంత సన్నగా చేస్తే రెండు రోజుల్లో అంచు పక్కకి ఒరిగిపోతుంది. గట్టిదనానికి మూల్యం పెళుసుదనం. కాబట్టి అంకె పెద్దదైతే మంచి కత్తి అనుకోకండి, ఇంట్లో వాడకానికి 59 నుంచి 61 మధ్య ఉన్నది చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు పేర్లు. వీజీ10 అనేది ఫుకుయి రాష్ట్రంలోని తకేఫు స్పెషల్ స్టీల్ కంపెనీది, సుమారు 1 శాతం కార్బన్, 15 శాతం క్రోమియం, కొంచెం కోబాల్ట్ ఉంటాయి. తుప్పు పట్టడం అరుదు, పదును చాలా రోజులు నిలుస్తుంది. వేడిచేసి చల్లార్చడం సరిగ్గా చేయని చోట తయారైతే చిన్న చిన్న పెచ్చులు ఊడుతుంది, అందుకని వీజీ10 అన్న పేరొక్కటే చూసి డబ్బులివ్వకండి, ఎవరు చేశారో చూడండి. ఏయూఎస్8, ఏయూఎస్10 ఐచీ స్టీల్‌వి, కొంచెం మెత్తన, పదును పెట్టడం సులువు, మొదటి కత్తికి ఏ లోటూ లేదు. గిన్‌సాన్ అని ఇంకొకటుంది, దాన్నే సిల్వర్ 3 అని కూడా అంటారు. స్టెయిన్‌లెస్సే గానీ రాయి మీద పెడితే కార్బన్ ఉక్కులా హాయిగా పదునెక్కుతుంది, నాకు చాలా ఇష్టం. ఎస్‌జీ2, ఆర్2 అని కనిపించేవి పౌడర్ ఉక్కులు, అంటే లోహపు పొడి నుంచి చేసినవి, 62 పైన గట్టిదనం, నెలల తరబడి పదును పోదు. కానీ కొత్తగా సాన నేర్చుకునేవాళ్ల చేతికి అవి కష్టం, ధర కూడా ఎక్కువ.

ఇక కార్బన్ ఉక్కులు. షిమానే రాష్ట్రంలోని యసుగి ఊళ్లో తయారయ్యే షిరోగామి, ఆవోగామి. షిరోగామి అంటే తెల్ల కాగితం, ఆవోగామి అంటే నీలి కాగితం. ఉక్కు రంగుతో సంబంధం లేదు, దాని మీద చుట్టి అతికించిన కాగితం రంగు అది. తెల్లది దాదాపు ఇనుము, కార్బన్ మాత్రమే. నీలిదానికి టంగ్‌స్టన్, కొంచెం క్రోమియం కలుపుతారు, అరుగుదల తగ్గుతుంది. వీటికి వచ్చే పదును వేరు, టమాటా తొక్క మీద బరువు పెట్టకుండా ఆనిస్తే చాలు దిగిపోతుంది. కానీ మన వంట సంగతి చూడండి. నిమ్మకాయ, పచ్చి మామిడికాయ, టమాటా, ఉల్లిపాయ, అరటికాయ, అన్నీ ఈ ఉక్కుని నల్లబరిచేవే. కొత్త కార్బన్ కత్తితో ఉల్లిపాయ తరిగితే ముక్కలకే గోధుమ రంగు తిరుగుతుంది, మామిడికాయ కోస్తే ఇనుప వాసన వస్తుంది. కొన్ని వారాలకి బ్లేడు మీద నీలి బూడిద రంగు పొర కట్టాక ఇది తగ్గుతుంది. ఆ పొర మంచిదే, కత్తిని కాపాడుతుంది, ఎర్రగా వచ్చేది మాత్రం తుప్పు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో ఉండేవాళ్లు, కత్తి కడిగి సింకు పక్కన వదిలేసే అలవాటున్నవాళ్లు కార్బన్ జోలికి వెళ్లొద్దు. బాగా మనసైతే పక్కలు స్టెయిన్‌లెస్‌తో మూసి, అంచు మాత్రం కార్బన్‌తో ఉన్నవి దొరుకుతాయి, అవి తీసుకోండి. తుడవాల్సింది ఆ సన్నని గీత ఒక్కటే.

మొదటి పెట్టీకి నా మాట: వీజీ10, గిన్‌సాన్, ఏయూఎస్10, వీటిలో ఏదైనా. ఇక ఉక్కు గురించి చదవడం ఆపేయండి.

డమాస్కస్ గీతల గురించి

నీళ్ల అలల్లాంటి ఆ గీతలు అందంగా ఉంటాయి, కాదనను. అవి కోతలో ఏ పనీ చేయవు. కోసేది మధ్యలో ఉన్న ఒకే ఒక్క పొర. 67 పొరలంటే ఆ మధ్య పొరకి అటు 33, ఇటు 33 మెత్తటి ఉక్కు పొరలు అతికించారని, అంతే. ఏ గీతా లేకుండా మూడు పొరలతో చేసిన కత్తి కూడా అంతే బాగా కోస్తుంది, ధర బాగా తగ్గుతుంది.

గీతల్లో మోసం కూడా ఉంది. నేను జపాన్ వెళ్లకముందు ఒక వెబ్‌సైట్‌లో "జపనీస్ డమాస్కస్" అని చూసి ఒకటి తెప్పించాను. మూడు నెలలకి గిన్నెలు తోమే పీచుతో రుద్దితే గీతలు చెరిగిపోవడం మొదలైంది, లేజర్‌తో ముద్రించినవి. నిజమైన పొరల కత్తి మీద, అంచుకి కొంచెం పైన, మధ్య ఉక్కు ఎక్కడ మొదలవుతుందో చూపించే అలల గీత ఒకటి కనిపిస్తుంది, రెండు వైపులా ఆ గీత కాస్త వేరుగా ఉంటుంది. రెండు వైపులా అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండి, గీతలు అంచు చివరిదాకా వచ్చేస్తే అనుమానించండి. "జపనీస్ స్టైల్", "జపనీస్ స్టీల్" అన్న మాటలకి జపాన్‌లో తయారైందని అర్థం కాదు. ఏ ఊళ్లో తయారైందో, ఏ ఉక్కో, గట్టిదనం ఎంతో రాయని కత్తిని పక్కన పెట్టేయండి.

నాలుగో అడుగు: పిడి

రెండు రకాలు. పాశ్చాత్య పద్ధతి పిడికి మూడు రివెట్లుంటాయి, కాస్త బరువు, తడి చేతులకి, జిడ్డు చేతులకి బాగుంటుంది. వా పిడి అంటే జపాన్ పద్ధతి, హో అనే తేలికైన చెక్క, ఎనిమిది పలకలుగా, మెడ దగ్గర గేదె కొమ్ముతో చేసిన కట్టు. చాలా తేలిక, పట్టుకుంటే కత్తి వేళ్లలో భాగంలా ఉంటుంది. కానీ పాలిష్ లేని చెక్కకి పసుపు అంటుకుంటే పోదు. మన వంటింట్లో పసుపు చెయ్యి తగలని రోజుండదు కాబట్టి రివెట్ల పిడి, లేదా పక్కావుడ్ అని రెసిన్ పట్టించిన చెక్క పిడి మేలు. ఎడమచేతి వాటం వాళ్లు ఒకటి గమనించండి, ఇంగ్లిష్ డి అక్షరం ఆకారంలో ఉండే పిడి కుడిచేతి వాళ్ల కోసం చేసింది. ఒకే వైపు పదునుండే కత్తులు కూడా అంతే, అవి పచ్చి చేప కోసేవాళ్లవి, మొదటి కత్తిగా ఎవరికీ వద్దు.

ఐదో అడుగు: ఎక్కడిది, ఎక్కడ కొనాలి

కత్తులకి పేరున్న ఊళ్లు కొన్ని గుర్తుపెట్టుకుంటే కొనేటప్పుడు అడగడానికి వీలుంటుంది. ఒసాకా పక్కన సకాయి: అక్కడ ఒకరు ఉక్కు కొడతారు, ఇంకొకరు పదును పెడతారు, మరొకరు పిడి బిగిస్తారు, ఒక్కో ఇల్లు ఒక్కో పనికే అంకితం. గిఫు రాష్ట్రంలో సెకి, ఒకప్పుడు ఖడ్గాల ఊరు, ఇప్పుడు కై, మిసోనో లాంటి కంపెనీలది. నీగాతా రాష్ట్రంలో త్సుబామె, సాంజో జంట ఊళ్లు, తోజిరో అక్కడిదే, పిడితో సహా మొత్తం స్టీలుతో ఉండే గ్లోబల్ కత్తులూ అక్కడివే. ఫుకుయిలో ఎచిజెన్.

డబ్బుకి తగ్గ మొదటి కత్తి ఏదంటే నేను చాలామందికి తోజిరో డీపీ వరస చెబుతాను. వీజీ10 మధ్య పొర, అలంకారం ఏమీ లేదు, జపాన్‌లో వేల యెన్లలోనే వస్తుంది, పది వేల లోపు. పది నుంచి ఇరవై వేల యెన్ల మధ్య పనితనం, నునుపు, పిడి బాగా మెరుగవుతాయి. ఇరవై దాటాక మీరు కొనేది ఎక్కువగా అందం, చేసినవాళ్ల పేరు. అది తప్పని అనను, తెలిసి కొనండి. మన దేశంలో కొంటే దిగుమతి సుంకం, రవాణా కలిసి ధర బాగా పెరుగుతుంది, అందుకని జపాన్ వెళ్లే బంధువులుంటే వాళ్లకి మోడల్, పొడవు స్పష్టంగా రాసి పంపండి.

టోక్యో వెళ్తే ఉయెనో, అసకుసా మధ్యలో కప్పాబాషి వీధి ఉంది, తవారామాచి మెట్రో స్టేషన్ నుంచి నడక దూరం. హోటళ్లకి కావాల్సిన గిన్నెలు, కత్తులు, అద్దాల్లో పెట్టే ప్లాస్టిక్ తిండి బొమ్మలు, అన్నీ అక్కడే. ఆదివారం చాలా షాపులు మూసేస్తారు, సాయంత్రం ఐదున్నర దాటితే ఏమీ ఉండదు. ఒసాకాలో అయితే సెన్నిచిమాయె దోగుయాసుజి. పాస్‌పోర్ట్ వెంట తీసుకెళ్లండి, పర్యాటకులకి పన్ను మినహాయింపు ఉంటుంది. కొన్ని షాపుల్లో బ్లేడు మీద పేరు చెక్కి ఇస్తారు. కొన్నాక పెట్టె విప్పకుండా సూట్‌కేసులో పెట్టేయండి. జపాన్ చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడు వెంట పెట్టుకు తిరగకూడదు, అప్పుడే కొన్నది, ప్యాక్ చేసి ఉన్నది అయితే ఇబ్బంది లేదు. విమానంలో చెక్‌ఇన్ లగేజీలోనే వెళ్లాలి, చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర వదులుకోవాల్సిందే.

ఆరో అడుగు: చేతిలోకి తీసుకుని చూడండి

షాపులో అడిగి తీసుకోండి, వాళ్లు ఏమీ అనుకోరు. ఆన్‌లైన్‌లో కొంటే డెలివరీ వచ్చిన రోజే ఇవన్నీ చూసి, తేడా ఉంటే వెంటనే వెనక్కి పంపండి.

మొదట మడమ వైపు నుంచి చూడండి, అంటే పిడి దగ్గర బ్లేడు ఆగిపోయే చోటు మీ కళ్లకి ఎదురుగా. అక్కడ బ్లేడు అడ్డుకోత ఆకారం మొత్తం కనిపిస్తుంది. వెన్ను దగ్గర ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందంతో మొదలై అంచుకి వచ్చేసరికి సూది మొనలా సన్నబడుతూ పోవాలి. కిందిదాకా మందంగా వచ్చి చివర్లో ఒక్కసారిగా చెక్కినట్టుంటే, పదును ఎంత ఉన్నా క్యారెట్ కోసేటప్పుడు చీలి టప్‌మంటుంది, దిగదు. నేను ఒక కత్తి కొనాలా వద్దా అనేది సగం ఇక్కడే తేల్చుకుంటాను. ఆన్‌లైన్ అమ్మకందారుని కూడా ఈ వైపు నుంచి తీసిన ఫొటో అడగండి, మంచివాళ్లు పంపుతారు.

తర్వాత అంచు పైకి తిప్పి, ఒక కన్ను మూసి, పిడి నుంచి మొన దాకా గీతలా చూడండి. వంకర ఉంటే తెలిసిపోతుంది. చేతి పని కత్తుల్లో కొంచెం వంకర దొరుకుతుంటుంది, దాన్ని తీసుకోకండి. అంచుని లైటు కింద నెమ్మదిగా తిప్పండి, పదునైన అంచు వెలుగుని తిరిగి పంపదు, ఎక్కడైనా తెల్లటి చుక్క మెరిస్తే అక్కడ మొద్దుగా ఉందనో, పెచ్చు ఊడిందనో అర్థం. బోర్డు మీద అంచుని ఆనించి వెనక లైటు పెట్టి చూస్తే మధ్యలో సందు కనిపించకూడదు. సందుంటే ఆ చోట పచ్చిమిర్చి పూర్తిగా తెగదు, దండలా వేలాడుతుంది.

వెన్నుని, మడమ మూలని వేలితో రాసి చూడండి. చూపుడు వేలు ఆనే చోటు మొరటుగా ఉంటే అరగంట తరిగాక వేలు కందిపోతుంది. చివరగా బరువు. 150 పెట్టీ వంద గ్రాముల లోపే ఉంటుంది, చేతికి ఏమీ పట్టుకోనట్టే ఉంటుంది. మనకి బరువుంటేనే మంచి సామాను అన్న నమ్మకం ఒకటుంది, ఇక్కడ దాన్ని పక్కన పెట్టండి.

ఏడో అడుగు: బోర్డు, రాయి కూడా ఇదే బడ్జెట్‌లో

ఉన్న డబ్బంతా కత్తి మీదే పెట్టేయొద్దు. పది వేల రూపాయలుంటే ఏడు వేలు కత్తికి, మూడు వేలు రాయికి, బోర్డుకి. గ్రానైట్ గట్టు మీద కోస్తే ఎంత గొప్ప కత్తయినా ఒక్క పూటలో మొద్దుబారుతుంది, స్టీలు పళ్లెంలో నిమ్మకాయ కోసినా అంతే. గాజు బోర్డులు అసలే వద్దు. మెత్తటి చెక్క బోర్డు, లేదా మంచి ప్లాస్టిక్‌ది. వెదురు బోర్డు చవకే గానీ కాస్త గట్టి, అంచుని త్వరగా తినేస్తుంది.

సానరాయి ఒక్కటి చాలు, 1000 గ్రిట్. గ్రిట్ అంటే రాయి గరుకు ఎంతో చెప్పే అంకె, అంకె పెద్దదైతే రాయి నునుపు. కింగ్, నానివా, షాప్టన్, ఈ కంపెనీల్లో ఏదైనా. తర్వాత ఎప్పుడైనా 3000 కొనుక్కోవచ్చు. సందులో పెట్టి కత్తి లాగే ఆ చిన్న పరికరం వాడకండి, అంచుని చెక్కేస్తుంది. గీతలున్న స్టీలు కడ్డీ కూడా ఈ గట్టి ఉక్కుకి పనికిరాదు. వీధిలో సాన చక్రం తిప్పుకుంటూ వచ్చే ఆయన మన పాత కత్తులకి మంచి పదునే పెడతాడు, కానీ పొడి చక్రం వేడికి ఈ ఉక్కు బిరుసు పోతుంది, నిప్పురవ్వలు ఎగిరాయంటే అంచు పాడైనట్టే. ఆయనకి కత్తిపీట ఇవ్వండి.

ఎనిమిదో అడుగు: పదును పెట్టడం

భయపడాల్సిందేమీ లేదు, మూడుసార్లు చేస్తే చెయ్యి తిరుగుతుంది. నానబెట్టాల్సిన రాయి అయితే నీళ్లలో పది నిమిషాలు, బుడగలు ఆగేదాకా ఉంచండి. షాప్టన్ లాంటి వాటికి పైన నీళ్లు చల్లితే చాలు. రాయి కింద తడి గుడ్డ వేయండి, జరగదు. కత్తిని రాయి మీద పడుకోబెట్టి వెన్నుని పైకి లేపండి. ఎంత? పెట్టీ కత్తికి 15 డిగ్రీలంటే వెన్ను దాదాపు 7 మిల్లీమీటర్లు లేవాలి, అంటే కింద ఒక పెన్సిల్ దూరేంత. మొదట నిజంగానే పెన్సిల్ పెట్టి చూసుకుని, తీసేసి, ఆ ఎత్తు చేతికి గుర్తు చేయండి.

ఎడమచేతి రెండు వేళ్లు అంచుకి దగ్గరగా బ్లేడు మీద ఆనించి, ముందుకి వెనక్కి రుద్దండి. ఒత్తిడి నీళ్ల గ్లాసు బరువంత చాలు. రాయి మీద బూడిద రంగు బురద వస్తుంది, కడిగేయకండి, పని చేసేది అదే. కాసేపటికి ఇంకో వైపు నుంచి, వెన్ను నుంచి అంచు బయటికి బొటనవేలితో మెల్లగా రాస్తే గోరుకి తగిలేంత సన్నని గరుకు తెలుస్తుంది. అంచు వెంట ఎప్పుడూ రాయకండి, అడ్డంగా బయటికి మాత్రమే. ఆ గరుకు మడమ నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా వచ్చిందంటే ఆ వైపు అయినట్టు. రాని చోట ఇంకాసేపు రుద్దండి. తొందరపడి తిప్పేయడమే కొత్తవాళ్లు చేసే తప్పు, నేనూ అదే చేసి ఎందుకు పదును రావడం లేదో తెలియక నెల తిప్పలు పడ్డాను. తర్వాత రెండో వైపు. చివర్లో ఒత్తిడి బాగా తగ్గించి, అటొకసారి ఇటొకసారి మార్చి మార్చి రుద్దితే ఆ గరుకు ఊడిపోతుంది. వీజీ10కి ఇది కాస్త మొండిగా పట్టుకుని ఉంటుంది, పాత న్యూస్‌పేపర్ మీద నాలుగుసార్లు వెనక్కి లాగితే వదులుతుంది.

నాలుగైదుసార్లు వాడాక రాయి మధ్యలో గుంట పడుతుంది. చదును చేసే ప్లేటుతో, లేదంటే గాజు పలక మీద తడి ఉప్పుకాగితం పరిచి, రాయిని దాని మీద రుద్దండి. గుంట రాయి మీద ఎంత రుద్దినా కోణం నిలవదు.

రోజువారీ వాడకం

తరిగేటప్పుడు ముందుకి తోస్తూ, లేదా వెనక్కి లాగుతూ కోయండి, మొన ఆనించి ఊపుతూ నలిపేలా వద్దు. తరిగిన ముక్కల్ని గిన్నెలోకి నెట్టేటప్పుడు అంచుతో గీకే అలవాటు అందరికీ ఉంటుంది, కత్తి తిరగేసి వెన్నుతో నెట్టండి. పని కాగానే కడిగి, పొడి గుడ్డతో వెన్ను వైపు నుంచి తుడిచి పక్కన పెట్టేయండి. సింకులో అంట్ల మధ్య వేయకండి, అంచు పోవడమే కాదు, నురగలో కనపడక తోమేవాళ్ల చెయ్యి తెగుతుంది. డిష్‌వాషర్ వద్దు. డ్రాయరులో విడిగా పడేయకుండా తొడుగు కొనండి, జపాన్‌లో చెక్క తొడుగుని సాయా అంటారు, ప్లాస్టిక్‌ది అయినా చాలు. కార్బన్ కత్తిని కొన్ని రోజులు వాడకపోతే సన్నగా నూనె రాయాలి, జపాన్‌లో కమీలియా గింజల నూనె రాస్తారు. మన పల్లీ నూనె రాస్తే జిగురు కట్టి వాసన వస్తుంది, మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ వాడండి.

కొత్త కత్తి కంపెనీ పదును ఇంటి వాడకంలో రెండు మూడు నెలలు వస్తుంది. ఎప్పుడు రాయి తీయాలో టమాటా చెబుతుంది. బాగా పండిన టమాటాని బోర్డు మీద పెట్టి, చేత్తో పట్టుకోకుండా కత్తిని తొక్క మీద ఆనించి వెనక్కి లాగండి. దిగితే ఇంకో నెల చూడొచ్చు. తొక్క నొక్కుకుని కాయ దొర్లిపోతే ఆ ఆదివారం రాయి నానబెట్టండి.

అమ్మ దగ్గర విరిగిన ఆ మొనని కూడా 1000 రాయి మీదే మళ్లీ చెక్కాను, వెన్ను వైపు నుంచి అరగదీసుకుంటూ, దాదాపు గంటన్నర పట్టింది. ఇప్పుడు ఆ కత్తి 150 కాదు, 146. గుత్తివంకాయకి గాట్లు అమ్మ ఇంకా దాంతోనే పెడుతోంది, బెల్లానికి రోకలిబండ వాడుతోంది.